ఓపిక

ఫోను తొమ్మిదింబావుకి మోగుతుందన్నారు.
అందుకే నిన్నంతా తల దువ్వుకోలేదు.
స్నానం వాయిదా.
బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికాయి.
ఇవాళ్టి గంటన్నర మాటల కోసం
రెండు రోజులుగా కూడబెడుతున్నాను.

హల్‌లో గాలి హంబర్ మీంచి అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది.
ఊరంతా చదును, ఎక్కడానికి ఒక దిబ్బయినా లేదు.
అయినా మా బస్టాపు
ఏటేటా ఎత్తుకి పోతోంది.

"మిస్ సున్..." అని ఆగాడతను.
సునందిని అనలేక సున్ దగ్గరే దిగిపోయాడు.
రెండో లైన్లో దుబాసీ ఆవిడ. పేరు చెప్పకూడదట, నంబరే.
గొంతులో కాస్త నెల్లూరు:
"చెప్పమ్మా, భయపడబాక."

నాకు ఇంగ్లీషు రాక కాదు.
పదకొండేళ్లు కళ్లజోళ్ల షాపు వెనకగదిలో
అద్దాలు అరగదీస్తూ
ఆ భాషలోనే నవ్వాను, పోట్లాడాను.
కానీ ఒళ్లు ఖాళీ అవుతున్నప్పుడు
ముందు వెళ్లిపోయేది అదే,
ఇల్లు కారడం మొదలవగానే
మూటాముల్లె సర్దుకునే అద్దెమనిషిలా.

ఇరవై మీటర్లు నడవగలరా?
నడవగలను.
ఆ తర్వాతేమిటని అతను అడగలేదు.
మంగళవారం నడిచిన నడకకి
గురువారం వడ్డీ వసూలుకొస్తుంది,
శనివారం దాకా గుమ్మంలోనే కూచుంటుంది.
గొంతులో వాపు. కళ్లలో వెలుతురు సూదులు.
పాలసీసా మూత తిప్పలేని వేళ్లు.

వంట చేసుకోగలరా?
స్టూలు మీద కూచుంటే.
వారానికి ఎన్నిసార్లు?
చెప్పాను. లెక్కలన్నీ చెప్పాను.
చివరికి "ఓపిక లేదండీ" అన్నాను.
మా అమ్మ జ్వరం పడి లేచినా అదే మాట,
రేషను క్యూలో నిలబడి విసిగినా అదే మాట.

దుబాసీ ఆవిడ ఒక్క క్షణం ఆగింది.
ఆ ఆగడం నాకు వినిపించింది.
ఒకే గూట్లో రెండు పిట్టలున్న మాట అది,
ఒంట్లో సత్తువా, మనసులో తాలిమీ.
ఆవిడ చేతికి ఒకటే చిక్కింది.
"షీ హాజ్ నో పేషెన్స్."

సరిదిద్దాలనుకున్నాను.
ఓపిక లేకపోయింది.

ఐదు వారాలకి గోధుమరంగు కవరు.
నడక సున్నా. వంట సున్నా. స్నానానికి రెండు, దయతో.
సున్ అన్నవాడు చివరి అక్షరం కూడా కలిపి పంపాడు.
"అర్జీదారు అసహనంగా ఉన్నారు. మాట స్పష్టంగా ఉంది."

షాపులో కార్ల్ మంచివాడు.
యంత్రం పక్కన స్టూలు వేయించాడు,
నాలుగు రోజుల పనిని రెండు పొద్దులు చేశాడు.
జీతం కూడా గంటల వెంటే నడిచి వెళ్లింది.
"బానే ఉన్నావే ఇవాళ" అంటాడు, ప్రేమగానే.
నిజమే, నన్ను చూసేవాళ్లంతా
నేను లేచిన రోజునే చూస్తారు.
మిగతా రోజులకి సాక్షి
మా పడగ్గది పైకప్పు, దాని మీది తడి మరక.
పని చేస్తే, చేయగలవుగా అంటారు.
మానేస్తే, ఎందుకు మానేశావంటారు.
మధ్యలో నిలబడ్డానికి చోటుంది గాని
నిలబడ్డమే కదా నాకు కష్టం.

మళ్లీ చూడమని రాసుకోవడానికి నెల గడువిచ్చారు.
రోజుకి రెండు వాక్యాలు రాస్తున్నాను.
పక్కింటి మోరీన్ సూపు గిన్నె గుమ్మం దగ్గర పెట్టి
బెల్లు కొట్టకుండా వెళ్తుంది.
బెల్లు కొడితే నేను లేవాలని ఆమెకి తెలుసు.
ఏ దరఖాస్తూ అడక్కుండానే తెలుసు.

"మీ ఇబ్బందిని మీ మాటల్లో వివరించండి"
అన్న గడిలో నిన్న
ఓపిక అని తెలుగులోనే రాశాను.
కొట్టేయలేదు.
కింద ఇంగ్లీషులో రెండు అర్థాలూ రాయడానికి
ఇవాళ్టి రెండు వాక్యాలూ అయిపోయాయి.

పోస్టు డబ్బా మా వీధి చివర ఉంది.
ఇరవై మీటర్ల కన్నా ఎక్కువే.
వచ్చే మంగళవారం వెళ్తాను.
గురు, శుక్ర, శని
ఖాళీగా ఉంచుకున్నాను.